గంటలు ఎక్కడైనా వస్తాయి, నీ పైన ఎవరున్నారో చూసుకో

ప్రశ్న: అక్కా, నాకు ఇరవై ఆరేళ్లు. టెక్సస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అమ్మానాన్నలతో ఉంటున్నాను. గ్రీన్ కార్డు ఉంది. కంప్యూటర్ సైన్స్ చదివి, కొంతకాలం ఉద్యోగం చేసి, దాచుకున్న డబ్బుతో విమానం నడపడం నేర్చుకున్నాను. పోయిన నెల ఇన్‌స్ట్రక్టర్ చెక్‌రైడ్, అంటే పాఠాలు చెప్పేందుకు ఎగిరి చూపించే పరీక్ష, పాసయ్యాను. లాగ్‌బుక్‌లో ఎగిరిన గంటలు 290 ఉన్నాయి. ఎయిర్‌లైన్‌లో చేరాలన్నది నా కోరిక. దానికి కావలసిన 1500 గంటలు పాఠాలు చెబుతూ కూడబెట్టుకోవాలి. మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి ఫీనిక్స్ దగ్గర పెద్ద అకాడమీ, పార్ట్ 141, అంటే ప్రభుత్వం ఆమోదించిన పాఠ్యక్రమంతో నడిచేది. నెలకు 85 గంటలు ఎగరవచ్చంటున్నారు కానీ రెండేళ్ల ఒప్పందం రాయాలి. రెండోది మా ఇంటికి అరగంట దూరంలో చిన్న స్కూలు, పార్ట్ 61, అంటే అలాంటి ఆమోదం అక్కర్లేనిది. ఆరు విమానాలు. యజమాని తానే పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న ఇన్‌స్ట్రక్టర్. నెలకు 40 గంటలకు మించి రావని ఆవిడే చెప్పారు. మూడోది ఫ్లోరిడాలో ఉంది. మన దేశం నుంచి వచ్చిన విద్యార్థులే ఎక్కువ, తెలుగువాళ్లు చాలామంది. తెలుగు వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ కావాలని గంటకు అందరికంటే ఎక్కువ ఇస్తామంటున్నారు. ఉద్యోగిగా కాదు, కాంట్రాక్టర్‌గా. నాన్న త్వరగా 1500 గంటలు పూర్తి చేయమంటారు. అమ్మ ఇంటి దగ్గరే ఉండమంటుంది. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: చెల్లీ, మూడు చోట్ల గురించీ నెలకు ఎన్ని గంటలు, గంటకు ఎంత డబ్బు, ఇంటికి ఎంత దూరం అని వివరంగా రాశావు. ఒక్క సంగతి రాయలేదు. నీ మొదటి విద్యార్థి సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, సిద్ధమయ్యాడని నీకు అనిపించిన రోజున, అది నిజమో కాదో చూసి చెప్పే మనిషి ఆ మూడింటిలో ఎక్కడ ఉన్నారు? నేను నీ స్థానంలో ఉంటే అన్నిటికంటే ముందు దీన్నే ఆరా తీస్తాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంటి దగ్గరి చిన్న స్కూలు వైపే నా మొగ్గు. అయితే అక్కడికి వెళ్లి విమానాల పరిస్థితి ఎలా ఉందో, ఆ యజమాని ఎలాంటి మనిషో నీ కళ్లతో చూసుకున్న తరవాతే ఒప్పుకో. ఆ రెండింటిలో ఏది తేడాగా కనిపించినా ఫీనిక్స్‌కు వెళ్లు. ఫ్లోరిడా వాళ్లకు మాత్రం ఇప్పుడున్న షరతుల మీద సరే అనవద్దు.

ముందు ఈ 1500 సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ నాన్నగారి ఆత్రమంతా ఆ అంకె చుట్టూనే ఉంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. మృతుల కుటుంబాలు పట్టుబట్టి పోరాడితే అమెరికా కాంగ్రెస్ 2010లో చట్టం చేసింది. అంతకుముందు కమర్షియల్ లైసెన్సుతోనే కో-పైలట్‌గా చేరగలిగేవారు. 2013 ఆగస్టు నుంచి కో-పైలట్‌కు కూడా ఏటీపీ, అంటే ఎయిర్‌లైన్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి అయింది, దానికి మామూలుగా 1500 గంటలు కావాలి. ఇక్కడ నువ్వు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఆ రాత్రి కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరికీ అప్పటికే 1500 కంటే చాలా ఎక్కువ గంటలున్నాయి. వేగం పడిపోయి, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) దగ్గర పడుతోందని కంట్రోల్‌ను వణికించే స్టిక్ షేకర్ హెచ్చరించినప్పుడు, ముక్కు దించవలసిన కెప్టెన్ కంట్రోల్‌ను వెనక్కు లాగాడని దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. స్టాల్ నుంచి బయటపడటం ప్రతి విద్యార్థీ సోలోకు ముందే నేర్చుకునే పాఠం. దాన్ని నేర్పేది ఎక్కువగా నీలాంటి కొత్త ఇన్‌స్ట్రక్టర్లే. నీ లాగ్‌బుక్‌లో గంట నిండటానికి నువ్వు చెప్పే పాఠం, ఇరవై ఏళ్ల తరవాత ఇంకొకరి చేతుల్లో బయటపడుతుంది. అందుకే ఆ పాఠం ఎక్కడ చెప్పడం మొదలుపెడతావన్నది నాకు ఇంత ముఖ్యంగా తోస్తుంది.

భారతదేశంలో కొత్తగా వచ్చినవారు ముందు అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్‌గా, సీనియర్ల పర్యవేక్షణలో పనిచేస్తారు. అమెరికాలో ఆ మెట్టు లేదు. చెక్‌రైడ్ పాసయిన మర్నాడే, ఎవరినీ అడగకుండా, ఒక మనిషిని ఒంటరిగా ఆకాశంలోకి పంపే సంతకం నువ్వు పెట్టవచ్చు. ఆ సంతకం తొంభై రోజులు చెల్లుతుంది, దాని రికార్డు మూడేళ్లు నీ దగ్గర ఉండాలి. చట్టం నీ మీద పెట్టిన నమ్మకం అంత పెద్దది. నీకు ఇంతవరకూ పాఠం చెప్పిన అనుభవం అంటే, పక్క సీట్లో విద్యార్థిగా నటించిన నీ గురువుకు చెప్పినదే. ఆయన తప్పులు కూడా నీకు తెలిసిన పద్ధతిలోనే చేసి ఉంటాడు. అసలు విద్యార్థి అలా చేయడు.

కొత్త ఇన్‌స్ట్రక్టర్ల పక్కన కూర్చున్నప్పుడు నాకు తరచుగా కనిపించేది ఒకటి చెబుతాను. విద్యార్థి చక్కగా దిగుతుంటాడు. ఇన్‌స్ట్రక్టర్ సంతోషిస్తుంటారు. కిందకు చూస్తే ఇన్‌స్ట్రక్టర్ పాదాలు రడ్డర్ పెడళ్ల మీద ఉంటాయి, నేల దగ్గర పడుతుంటే చేయి యోక్ వైపు, అంటే విమానం స్టీరింగు వైపు జరుగుతుంటుంది. ఆ చేయి కదిలినప్పుడే ముక్కు ఎత్తాలని విద్యార్థి కనిపెట్టేశాడు. అంటే దింపుతున్నది ఇద్దరూ. ఈ సంగతి ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. మూడో మనిషి ఎక్కి చేతులు కట్టుకుని కూర్చుంటే మొదటి ల్యాండింగ్‌లోనే బయటపడుతుంది. నా మొదటి చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌కు ఒక నియమం ఉండేది. కొత్తవాళ్ల దగ్గర సోలోకు సిద్ధమైన మొదటి ముగ్గురు విద్యార్థులను ఆయనే ఒకసారి ఎక్కించుకునేవారు. దిగాక విద్యార్థితో రెండు మాటలు, మాతో అరగంట మాట్లాడేవారు. ఆ అరగంటల్లో నేర్చుకున్నది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అలాంటి మనిషి ఉన్న చోటే నీ మొదటి ఉద్యోగం కావాలని నా ఆశ.

చిన్న స్కూలు యజమాని తానే పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నారని రాశావు. 40 గంటలకు మించి రావని ఆవిడే ముందుగా చెప్పారన్న మాట నాకు అన్నిటికంటే నచ్చింది. మనుషులు దొరకక ఆరాటపడే యజమాని అంకెను పెంచి చెబుతాడు, ఆవిడ తగ్గించి చెప్పారు. అయినా మంచి మనిషి అయినంత మాత్రాన స్కూలు మంచిది కానవసరం లేదు, కనుక వెళ్లి చూడు.

విమానాల పరిస్థితి చూడటం కష్టమేమీ కాదు. ఆఫీసులో కూర్చోకుండా బయట విమానాలు కట్టి ఉంచిన చోటికి నడువు. టైర్లు, ఆయిల్ మరకలు, విరిగిన సీటు పట్టాలు చూడు. తరవాత ప్రతి విమానానికీ ఉండే స్క్వాక్ షీటు, అంటే పైలట్లు లోపాలు రాసే కాగితం చూపించమని అడుగు. దాని మీద ఏమీ లేకపోతే సంతోషపడవద్దు. పాఠాలకు తిరిగే విమానంలో ఏదో ఒకటి పాడవుతూనే ఉంటుంది. ఖాళీ కాగితం ఉందంటే రాయడం మానేశారని అర్థం. రాసిన లోపం పక్కన మెకానిక్ సంతకం, తేదీ ఉండాలి. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో, ఆ మధ్యలో విమానం ఎగిరిందో లేదో చూడు. అద్దెకు ఇచ్చి పాఠాలు చెప్పే విమానానికి ప్రతి 100 గంటలకూ తనిఖీ జరగాలి. దాన్ని మరో పది గంటల వరకు దాటనిచ్చే వెసులుబాటు తనిఖీ చేసే చోటికి చేర్చడానికే ఉంది, పాఠాలు సాగదీయడానికి లేదు. ఎవరైనా ఆ పది గంటలను మామూలు విషయంగా మాట్లాడితే అక్కడి నుంచి వచ్చెయ్. లోపం ఉన్న విమానంలో నువ్వు ఎగిరితే జవాబు చెప్పుకోవలసింది స్కూలు ఒక్కటే కాదు, కమాండ్‌లో ఉన్న పైలట్‌గా నీ సర్టిఫికెట్ కూడా.

మీ ప్రాంతంలో ఇంకొకటి అడగాలి. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలపు వడగళ్లు ఎలా ఉంటాయో నీకు నేను చెప్పనక్కరలేదు. ఆరు విమానాల స్కూలులో ఒక్క వడగళ్ల వాన నాలుగింటి రెక్కలకు సొట్టలు పెడితే ఆ వేసవంతా నీకు పని ఉండదు. విమానాలకు హ్యాంగర్ ఉందా, తుపాను వస్తోందంటే వాటిని ఎవరు లోపల పెడతారు అని అడుగు. దీనికి తడుముకోకుండా జవాబు వస్తే ఆ స్కూలు నడిపేవాళ్లకు రేపటి గురించి ఆలోచన ఉందన్నమాట.

ఇక యజమాని ఎలాంటి మనిషో తెలుసుకోవాలంటే ఆవిడను అడగడం వృథా. అక్కడ పనిచేస్తున్న ఇన్‌స్ట్రక్టర్‌ను, వీలైతే త్వరలో మానేస్తున్నవారిని పక్కకు పిలిచి ఒక్కటే అడుగు: ఈమధ్య వాతావరణం బాగాలేదని మీరు పాఠం రద్దు చేసినప్పుడు యజమాని ఏమన్నారు? అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకుతోనే తెలిసిపోతుంది. ‘ఏమీ అనలేదు, ఇంకో రోజుకు మార్చుకోమన్నారు’ అంటే నిశ్చింత. ‘ఏమీ అనలేదు కానీ, ఆ తరవాత కొత్త విద్యార్థులను నాకు ఇవ్వడం తగ్గించారు’ అంటే నీకు కావలసిన జవాబు దొరికినట్టే. ఎగరవద్దని నువ్వు తీసుకునే నిర్ణయాలు మొదటి సంవత్సరంలో చాలానే ఉంటాయి. పక్కగాలి నీ విద్యార్థి సత్తాకు మించి ఉండవచ్చు, నీకే నిద్ర చాలకపోవచ్చు. అలా వద్దన్నప్పుడల్లా ఎవరికో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తే, ఏదో ఒక రోజు వద్దనడం మానేస్తావు. ప్రమాదాలు మొదలయ్యేది అక్కడే.

ఇవి రెండూ బాగుంటే, నెలకు 40 గంటలైనా అక్కడే చేరు. ఇంకొక లాభం కూడా ఉంది. చిన్న స్కూలులో విద్యార్థిని మొదటి పాఠం నుంచి చెక్‌రైడ్ దాకా నువ్వే తీసుకెళతావు. అరవై ఏళ్ల డెంటిస్టు, పదిహేడేళ్ల కుర్రాడు, ఇరవై ఏళ్ల క్రితం ఆపేసి మళ్లీ వచ్చినవాళ్లు, ఇలా రకరకాల మనుషులు వస్తారు. ఒకరికి పనికొచ్చిన మాట మరొకరికి పనికిరాదు. డాలస్ చుట్టుపక్కల రెండు పెద్ద విమానాశ్రయాల ట్రాఫిక్ కింద, కంట్రోలర్లతో మాట్లాడుతూ తిరగడం కూడా ఎయిర్‌లైన్ పనికి మంచి సాధనే.

ఫీనిక్స్‌ను తక్కువ చేయను. పార్ట్ 141 స్కూలుకు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆమోదించిన పాఠ్యక్రమం ఉండాలి, అర్హతలున్న చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి, మధ్యమధ్యలో విద్యార్థి ఎంతవరకు వచ్చాడో చూసే స్టేజ్ చెక్‌లు జరగాలి. స్కూలు తరఫున చెక్‌రైడ్‌కు వెళ్లినవారిలో కనీసం 80 శాతం మంది మొదటిసారే పాసవ్వకపోతే ఆ స్కూలు సర్టిఫికెట్ పొడిగింపే కష్టం. అంటే నేను పైన అడిగిన పర్యవేక్షణ అక్కడ వ్యవస్థలోనే ఉంటుంది. నీ వయసువాళ్లు చాలామంది ఉంటారు. సాయంత్రం ఒకరి అనుభవాలు మరొకరు వింటారు. ఇదీ తక్కువ విషయం కాదు.

కానీ ఆకాశం ఎప్పుడూ నిర్మలంగా ఉంటుందన్న ఆకర్షణను కొంచెం తరచి చూడు. ఫీనిక్స్ ఉత్తరాన డీర్ వ్యాలీ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 1,500 అడుగుల ఎత్తున ఉంది. 43 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి, విమానం 5,000 అడుగులకు పైన ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఇద్దరు మనుషులు, ట్యాంకు నిండా పెట్రోలు ఉంటే చిన్న సెస్నా విమానం పైకి ఎక్కడానికి ఆపసోపాలు పడుతుంది. అందుకే వేసవిలో తెల్లవారుజామున, రాత్రిపూట పాఠాలు పెడతారు. నిద్ర ముక్కలవుతుంది. ఇన్‌స్ట్రక్టర్ ఏ ఇరవై నాలుగు గంటల్లోనూ 8 గంటలకు మించి విమానంలో పాఠం చెప్పకూడదని నియమం ఉంది. కానీ నేల మీద ఎంతసేపు పనిచేయాలి, ఎన్ని రోజులకు ఒక సెలవు అన్నదానికి ఎయిర్‌లైన్ పైలట్లకు ఉన్నట్టు పరిమితి లేదు. కాబట్టి వారానికి ఖచ్చితమైన సెలవు రోజు ఉందా అని అడుగు, ఉంటే ఒప్పందంలో రాయించుకో. ఇంకొకటి, మబ్బులు లేని చోట ఇన్‌స్ట్రుమెంట్ పాఠమంతా, అంటే బయట చూడకుండా మీటర్లు చూసి నడపడం, కళ్లకు అడ్డు పెట్టుకునే సాగుతుంది. అసలు మబ్బులోకి వెళ్లినప్పుడు కలిగే గాభరా ఎలా ఉంటుందో నీకూ తెలియదు, నీ విద్యార్థికీ తెలియదు.

అక్కడి ఆకాశం రద్దీ కూడా. 2021 అక్టోబరు 1న ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో శిక్షణ విమానం, శిక్షణ హెలికాప్టర్ గాలిలో ఢీకొన్నాయి. హెలికాప్టర్‌లోని ఇద్దరూ చనిపోయారు. విమానంలోనివాళ్లు క్షేమంగా దిగగలిగారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. అక్కడికి వెళితే బయట చూస్తూనే పాఠం చెప్పే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలని చెబుతున్నాను. తలదించి ట్యాబ్లెట్‌లో పాఠ్యక్రమం వెతికే ఇన్‌స్ట్రక్టర్ నాకు ఎప్పుడూ భయం కలిగిస్తారు.

రెండేళ్ల ఒప్పందం గురించి ఒక్క మాట. దాన్ని ఉద్యోగ చట్టం తెలిసిన వకీలుకు చూపించు. ఆ ఫీజు నీకు తప్పే నష్టంతో పోలిస్తే చిన్నది. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతుందా, వాళ్లే తీసేస్తే కూడా కట్టాలా, ఇవి కాగితం మీద స్పష్టంగా లేకపోతే సంతకం పెట్టవద్దు.

ఇప్పుడు ఫ్లోరిడా. వాళ్లు గంటకు ఇస్తానన్న డబ్బు చూసి మోసపోవద్దు. కాంట్రాక్టర్‌గా చేరితే సంవత్సరం చివర నీ చేతికి వచ్చేది 1099, అంటే ఉద్యోగి కానివారికి ఇచ్చే ఆదాయపు కాగితం. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 15.3 శాతం మొత్తం నువ్వే కట్టుకోవాలి. ఉద్యోగి అయితే అందులో సగం యజమాని భరిస్తాడు. పని మీద గాయపడితే ఉద్యోగికి ఉండే బీమా నీకు ఉండదు. విమానం దెబ్బతింటే స్కూలు బీమా కంపెనీ స్కూలుకు డబ్బు ఇచ్చి, ఆ తరవాత నీ మీద దావా వేయవచ్చు. అలా వేయబోమని, నీ పేరు కూడా పాలసీలో ఉందని రాతపూర్వకంగా ఇస్తారేమో అడుగు. ఈ ప్రశ్న మూడు చోట్లా అడగాలి, అక్కడ మరీ ముఖ్యం. పైగా ఎప్పుడు రావాలో, ఎవరికి చెప్పాలో, ఏ విమానంలో చెప్పాలో అంతా వాళ్లే నిర్ణయిస్తూ కాంట్రాక్టర్ అనడం చట్టం ముందు నిలబడేది కాదు. ఆ పని చేసే చోట మిగతా విషయాల్లో ఎంత నిక్కచ్చిగా ఉంటారో నువ్వే ఊహించు. విద్యార్థి నేలమీద ఉన్న సమయానికి, అంటే పాఠానికి ముందు వెనుక చెప్పే మాటలకు డబ్బు ఇస్తారా లేక ఇంజను నడిచిన సమయం లెక్కపెట్టే హాబ్స్ మీటరు తిరిగిన సమయానికేనా అని కూడా అడుగు. మీటరుకే డబ్బు అంటే, తెలియకుండానే నువ్వు నేల మీది పాఠం తగ్గించేస్తావు. అక్కడ ఎంత బాగా చెబితే గాల్లో అంత తక్కువ ఖర్చుతో విద్యార్థి నేర్చుకుంటాడు.

తెలుగు విద్యార్థుల మాట నా మనసుకు దగ్గరిది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన పిల్లవాడికి గాలి రెక్క మీద ఎలా పనిచేస్తుందో తెలుగులో చెబితే ఆ కళ్లలో వెలుగు నేను ఎన్నోసార్లు చూశాను. నేల మీద, బోర్డు ముందు, ఎంత తెలుగులో చెప్పినా మంచిదే. ఇంజను మొదలైన క్షణం నుంచి మాత్రం ఇంగ్లిషే. కంట్రోల్స్ ఎవరి చేతిలో ఉన్నాయో నువ్వు చెప్పడం, అతను తిరిగి చెప్పడం, మళ్లీ నువ్వు చెప్పడం, ఈ మూడు మాటలూ రోజూ ఒకే భాషలో, ఒకే పదాల్లో జరగాలి. కంగారులో భాష మారితే ఇద్దరూ వదిలేసే ప్రమాదం ఉంది. రేడియోలో కూడా అతను రేపు వేరే దేశపు కంట్రోలర్‌తో ఇంగ్లిషులోనే మాట్లాడాలి.

దానికంటే కష్టమైనది ఇంకొకటి. ఆ పిల్లల వెనక తాకట్టు పెట్టిన ఇల్లు, అమ్మిన పొలం, వీసా గడువు ఉంటాయి. ‘అక్కా, ఈ వారం సంతకం పెట్టకపోతే నాన్నకు ఏం చెప్పను?’ అని తెలుగులో అడుగుతారు. ఇంగ్లిషులో వద్దనడం సులువు. ఆ పిలుపు విన్నాక వద్దనడానికి గుండె ధైర్యం కావాలి, వెనక నిలబడే సీనియర్ కావాలి. నువ్వు ఇంకా ఆ స్థితిలో లేవు. పిల్లల మీద ప్రేమ లేని చోట తెలుగు ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకునేది వాళ్లను ఓదార్చి ఫీజు కట్టించడానికే అయ్యే అవకాశం ఉంది. రెండేళ్ల అనుభవం వచ్చాక, ఉద్యోగిగా తీసుకునే మంచి చోటుకు వెళ్లి ఆ పిల్లలకు పాఠం చెప్పు. వాళ్లకు నీలాంటివాళ్ల అవసరం నిజంగా ఉంది. అన్నట్టు, విదేశీ విద్యార్థికి పాఠం మొదలుపెట్టే ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి వచ్చిందో లేదో స్కూలు మాటగా వదిలేయకుండా నువ్వే కాగితం చూసుకోవాలి.

మీ నాన్నగారి లెక్కను కూడా పక్కన పెట్టలేను, అందులో నిజం ఉంది. నీకు కావలసినవి ఇంకా 1,210 గంటలు. నెలకు 85 చొప్పున అయితే పద్నాలుగు నెలలు, 40 చొప్పున అయితే రెండున్నరేళ్లు. ఎయిర్‌లైన్‌లో ఏ రూటు, ఏ విమానం, ఎప్పుడు కెప్టెన్ అన్నవన్నీ చేరిన తేదీ మీదే ఆధారపడతాయి కాబట్టి పదహారు నెలల ఆలస్యం చిన్న నష్టం కాదు. డిగ్రీ ఉంటే 1,000 గంటలకే చేరవచ్చని ఎవరైనా ఆయనకు చెప్పి ఉంటే, అది ఎఫ్‌ఏఏ గుర్తింపు ఉన్న కళాశాలలో విమానయాన డిగ్రీ చేసినవారికే. నీ కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి వర్తించదు. అయితే 85 అన్నది ఇంకా వాళ్ల మాటే. అక్కడి ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లను జులైలోనూ జనవరిలోనూ లాగ్‌బుక్‌లో ఎన్ని గంటలు పడ్డాయో అడుగు. అప్పుడు లెక్క వేసి ఆయనకు చూపించు. 2022, 2023లలో ఉన్నంత వేగంగా ఎయిర్‌లైన్లు ఇప్పుడు తీసుకోవడం లేదన్నది కూడా చెప్పు. అంకె నిండగానే పిలుపు వచ్చే రోజులు పోయాక, ఇంటర్వ్యూలో నీ విద్యార్థుల్లో ఎంతమంది మొదటిసారే పాసయ్యారని అడిగితే చెప్పుకోవడానికి నీకు ఏదైనా ఉండాలి. నువ్వు పంపినవారిలో 80 శాతం మంది అలా పాసయితే అది నీ ఇన్‌స్ట్రక్టర్ అర్హతను కొనసాగించుకోవడానికీ, తరవాత మంచి ఇన్‌స్ట్రక్టర్లకు ఎఫ్‌ఏఏ ఇచ్చే గోల్డ్ సీల్ గుర్తింపు తెచ్చుకోవడానికీ పనికొస్తుంది.

అమ్మతో ఉండటం గురించి నువ్వు కొంచెం సిగ్గుపడుతూ రాసినట్టు అనిపించింది. సిగ్గెందుకు? మొదటి ఏడాది ఇన్‌స్ట్రక్టర్ సంపాదన ఒక నెల ఉంటుంది, వానలు పడిన నెల ఉండదు. అద్దె కట్టాలన్న భయం లేనివాళ్లు చెడు వాతావరణంలో ఎగరవద్దని తేలిగ్గా అనగలరు. మీ ఇంటి అన్నం నీ భద్రతలో భాగమే అనుకో.

చిన్న స్కూలుకు ఒప్పుకునేటట్టయితే రెండు పనులు మొదటి నెలల్లోనే పూర్తి చెయ్. నీకు ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఉన్నట్టు రాయలేదు. లేకపోతే వెంటనే తెచ్చుకో. అది వస్తే 40 గంటలు 55 అయ్యే అవకాశం ఉంది, మీ వైపు జనవరి మబ్బుల్లో మంచు పేరుకునే ప్రమాదం లేని రోజు చూసుకుని అసలైన ఇన్‌స్ట్రుమెంట్ పాఠం చెప్పవచ్చు. రెండు ఇంజన్ల విమానం ఆ స్కూలులో ఉంటే, దానిలో పాఠం చెప్పడానికి ఆ రకం విమానంలోనే నీకు 5 గంటల కమాండ్ అనుభవం కావాలి. బీమా కంపెనీ ఇంకా ఎక్కువ అడుగుతుంది. ఆ గంటలు ఎలా సంపాదించుకోవచ్చో, అందులో స్కూలు ఎంత భరిస్తుందో చేరే ముందే ఆ యజమానితో మాట్లాడుకో. చేరిన తరవాత అడిగితే బేరం ఆవిడ చేతిలో ఉంటుంది, ఇప్పుడు ఇంకా నీ చేతిలోనే ఉంది.